సాయంత్రానికి తిరిగి రావాల్సినవాళ్లు!

దాదాపు పన్నెండు రోజుల ఓడ ప్రయాణం. చుట్టూ నీళ్లు, పైన ఆకాశం, మధ్యలో తేలే మహానగరంలాంటి ఓడ. ఎన్ని హంగులున్నా, ఎన్ని రుచులు వడ్డించినా నాలుగు రోజులు గడిచేసరికి కాళ్లు నేలను వెతుక్కుంటాయి. అందుకే రేవు వచ్చిందంటే ఓడలో పండగే! ఆ రోజు కూడా అలాంటి పండగే. పొద్దున్నే టిఫిన్లు ముగించుకుని, టోపీలు పెట్టుకుని, కెమెరాలు మెడలో వేసుకుని 38 మంది ఉత్సాహంగా ఒడ్డుకు దిగారు. సముద్రం మధ్యలో ఉన్న ఓ అగ్నిపర్వతాన్ని చూసి, సాయంత్రానికల్లా ఓడ ఎక్కేయాలన్నది వాళ్ల ప్రణాళిక. ఆ సాయంత్రం వాళ్లలో ఒక్కరు కూడా అనుకున్నట్టు తిరిగి రాలేదు...

అది 2019 డిసెంబరు 9, సోమవారం. ఊరు న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని తౌరంగా రేవు. ఓడ పేరు 'ఒవేషన్ ఆఫ్ ద సీస్'. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో బయల్దేరి, న్యూజిలాండ్ రేవుల్ని ఒక్కొక్కటిగా చుట్టి వస్తోంది. దాదాపు 348 మీటర్ల పొడవున్న ఆ ఓడలో వేలమంది ప్రయాణికులు. అక్కడ డిసెంబరంటే వేసవి సెలవులు మొదలయ్యే కాలం. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులున్నారు. కొత్తగా పెళ్లయిన జంటలున్నారు. ఉద్యోగ జీవితం ముగించి, ఇన్నాళ్లకు తీరిక దొరికిందని ప్రపంచం చూడటానికి బయల్దేరిన పెద్దవాళ్లున్నారు.

క్రూయిజ్‌లలో ఒక పద్ధతి ఉంటుంది. ఓడ రేవులో ఆగిన రోజున ఎవరికి నచ్చిన చోటుకు వాళ్లు వెళ్లొచ్చు. ఊళ్లో షాపింగ్ చేసుకునేవాళ్లు చేసుకుంటారు. బీచ్‌కు వెళ్లేవాళ్లు వెళతారు. కాస్త సాహసం కావాలనుకునేవాళ్ల కోసం ఓడవాళ్లే స్థానిక సంస్థలతో మాట్లాడి విహారయాత్రలు ఏర్పాటు చేస్తారు. డబ్బు కడితే చాలు, బస్సు దగ్గర్నుంచి భోజనం దాకా అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఆ రోజు జాబితాలో ఉన్న అలాంటి యాత్రే... ఫకారి ద్వీపం!

తెల్లని మబ్బుల దీవి
ఫకారికి మరో పేరు వైట్ ఐలాండ్. 1769 నవంబరు 1న బ్రిటిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ ఆ దారిలో వెళ్తూ, దీవిమీద తెల్లగా కమ్ముకున్న మబ్బుల్ని చూసి ఆ పేరు పెట్టాడు. అవి మబ్బులు కావు. అగ్నిపర్వతం ఊపిరి! లోపలినుంచి ఎడతెరిపి లేకుండా పైకి లేచే ఆవిరి. కుక్ రాకకు కొన్ని వందల ఏళ్ల ముందునుంచే అక్కడి మావోరీలకు ఆ సంగతి తెలుసు. వాళ్ల పురాణగాథ ప్రకారం నాటోరోఇరంగి అనే పూజారి పర్వతంమీద చలికి గడ్డకట్టుకుపోతూ, దూరాన ఉన్న తన అక్కచెల్లెళ్లను నిప్పు పంపమని వేడుకున్నాడట. వాళ్లు పంపిన అగ్ని నేల కిందుగా వస్తూ వస్తూ మొదట తల ఎత్తింది ఫకారి దగ్గరేనట!

తీరానికి 48 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో ఉంటుందీ దీవి. అడ్డంగా దాదాపు రెండు కిలోమీటర్లు. ఎత్తు 321 మీటర్లు. చూడ్డానికి చిన్నదే. కానీ కనిపించేది కొసరు మాత్రమే. పర్వతంలో దాదాపు డెబ్భై శాతం నీళ్లలోనే మునిగి ఉంటుంది. దీని ప్రత్యేకత ఇంకోటుంది. మామూలుగా అగ్నిపర్వతం నోటిని చూడాలంటే కొండంతా ఎక్కాలి. ఫకారిలో బిలం గోడ ఒకవైపు కూలిపోయి సముద్రంవైపు తెరుచుకుని ఉంటుంది. బిలం అడుగు ఇంచుమించు సముద్రమట్టానికి సమానంగా ఉంటుంది. అంటే పడవ దిగి, చదునైన నేలమీద నడుచుకుంటూ నేరుగా అగ్నిపర్వతం కడుపులోకి వెళ్లిపోవచ్చు! పెద్దవాళ్లు, పిల్లలు కూడా ఆయాసపడకుండా చూసిరాగల అగ్నిపర్వతం ప్రపంచంలో ఎన్నిచోట్ల ఉంటుంది? అదే దాని ఆకర్షణ. చివరికి అదే దాని ఉచ్చు కూడా అయింది.

పిల్లి ఒక్కటే మిగిలింది
ఫకారి మనుషుల్ని బలి తీసుకోవడం అదే మొదటిసారి కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ దీవిలో గంధకం తవ్వడం మొదలుపెట్టారు. కార్మికులు అక్కడే కాపురం ఉండేవారు. 1914 సెప్టెంబరులో బిలం గోడ ఒక పక్క విరిగిపడింది. రాళ్లూ వేడి బురదా కలిసి వరదలా వచ్చి ఆ కార్మికుల పాకల్ని ఊడ్చుకుపోయాయి. పదిమంది ఆనవాలు లేకుండా పోయారు. రోజుల తర్వాత సరుకులు తెచ్చిన పడవవాళ్లు చూసేసరికి అక్కడ ప్రాణాలతో ఉన్నది శిబిరంలోని పిల్లి ఒక్కటే. ఆ తర్వాత దానికి 'పీటర్ ద గ్రేట్' అన్న పేరు స్థిరపడిపోయింది. మళ్లీ కొన్నాళ్లకు తవ్వకాలు మొదలైనా, అవీ 1930ల్లో ఆగిపోయాయి. తుప్పుపట్టిన యంత్రాలూ, గోడలు మిగిలిన ఫ్యాక్టరీ మాత్రం ఒడ్డున అలాగే నిలబడి ఉన్నాయి. తర్వాతి రోజుల్లో పర్యాటకులు ఫొటోలు తీసుకున్నది వాటి ముందే.

1936లో ఆక్లండ్‌కు చెందిన ఓ స్టాక్‌బ్రోకర్ ఈ దీవిని కొనుక్కున్నాడు. అప్పట్నుంచీ అది ఆ కుటుంబం ఆస్తే. ఓ అగ్నిపర్వతం ప్రైవేటు ఆస్తిగా ఉండటం విచిత్రమే! ఆ కుటుంబం దగ్గర అనుమతి తీసుకుని, రుసుము కట్టి, స్థానిక సంస్థలు పర్యాటకుల్ని తీసుకెళ్లేవి. పడవ యాత్రలు నడిపే సంస్థ నాటి అవా అనే మావోరీ తెగది. కొందరు హెలికాప్టర్లలో తీసుకెళ్లేవారు. ఏటా పదివేల మందికి పైగా ఆ దీవిమీద అడుగుపెట్టేవారు. ఎదురుగా తీరాన ఉన్న ఫకాటానే అనే చిన్న ఊరికి అదే పెద్ద ఆకర్షణ. హోటళ్లు, పడవలు, గైడ్ల బతుకులు అన్నీ ఆ ఆవిరి చుట్టూనే తిరిగేవి.

ఆ రోజు...
తౌరంగాలో దిగినవాళ్లు బస్సెక్కి గంటకు పైగా ప్రయాణం చేసి ఫకాటానే చేరుకున్నారు. అక్కణ్నుంచి పడవలో దాదాపు గంటన్నర. దీవి దగ్గరపడేకొద్దీ గంధకం వాసన ముక్కుపుటాలకు తగులుతుంది. పెద్ద పడవ ఒడ్డుదాకా రాదు కాబట్టి గాలి నింపిన చిన్న పడవల్లో పాత రేవుకు చేరుస్తారు. తలకో హెల్మెట్, మెడలో గ్యాస్ మాస్కు. ఆమ్లపు ఆవిరికి గొంతు మండకుండా చప్పరించడానికి బిళ్లలు కూడా ఇస్తారు. ఆ తర్వాత గైడ్ల వెనక వరసగా నడక. ఇటు పసుపుపచ్చని గంధకపు గుట్టలు, అటు బుసబుసమంటూ ఆవిరి చిమ్మే రంధ్రాలు, ఉడుకుతున్న బురద గుంటలు. చిట్టచివర లేతరంగులో మెరిసే బిలం సరస్సు. చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ అందులో ఉన్నవి నీళ్లు కావు... ఘాటైన ఆమ్లం.

దీవిమీద పరిస్థితి కనిపెట్టేందుకు ప్రభుత్వ భూగర్భ శాస్త్రజ్ఞులు బిలం అంచున కెమెరాలు పెట్టారు. పది నిమిషాలకొక ఫొటో. మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు తీసిన ఫొటోలో బిలం నేలమీద మనుషులు చీమల బారులా నడుస్తూ కనిపిస్తారు. సరిగ్గా ఒక్క నిమిషం... 2 గంటల 11 నిమిషాలకు ఫకారి పేలింది!

బూడిద, ఆవిరి, రాళ్లు కలిసిన స్తంభం మూడున్నర కిలోమీటర్లకు పైగా ఆకాశంలోకి లేచింది. పైకి లేచినదానికన్నా ప్రమాదకరమైనది నేలమీదుగా పాకింది. మరిగే వేడితో, ఆమ్లంతో నిండిన బూడిద మేఘం బిలం గోడల మధ్య నుంచి సముద్రంవైపు దూసుకొచ్చింది. ఆ దారి తప్ప అక్కడ మనుషులు పరిగెత్తడానికీ వేరే దారి లేదు! ఆ క్షణంలో దీవిమీద ఉన్నది 47 మంది. 38 మంది ఓడ ప్రయాణికులు, హెలికాప్టర్లో వచ్చిన నలుగురు జర్మన్లు, మిగతా అయిదుగురు గైడ్లూ పైలటూ. కొందరు మాస్కులు పెట్టుకుని రాళ్ల చాటుకు చేరారు. కొందరు పరిగెత్తారు. ఒడ్డుకు దగ్గరున్న కొందరు నీళ్లలోకి దూకారు. అక్కడ దిగి ఉన్న హెలికాప్టర్ను ఆ పేలుడు తన వేదికమీంచి పక్కకు నెట్టేసింది. దాని రెక్కలు వంగిపోయాయి.

మూత తీసిన ఇడ్లీ పాత్ర
అగ్నిపర్వతం అనగానే ఎర్రగా పారే లావా కళ్లముందు మెదులుతుంది. ఆ రోజు ఫకారిలో లావా లేదు. పేలింది నీళ్లే! ఇది అర్థం కావాలంటే వంటింట్లోకి వెళితే చాలు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు చేతికి తగిలే ఆవిరి ఎంత చురుక్కుమంటుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ప్రెషర్ కుక్కర్లో గాలి పోయేదారి మూసుకుపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఫకారి కింద జరిగింది అదే.

భూమి లోపల శిలాద్రవం ఉంటుంది. దానిమీద రాతి పొరల సందుల్లోకి వాన నీరు, సముద్రపు నీరు ఇంకుతాయి. కింద మంట, పైన ఎసరు! బయట వంద డిగ్రీలకే మరిగే నీళ్లు, పైన రాళ్ల బరువు ఉండటంవల్ల అంతకన్నా ఎక్కువ వేడెక్కినా ఆవిరి కాకుండా అణిగి ఉంటాయి. ఎక్కడో ఒకచోట రాయి పగిలినా, బంకమట్టీ గంధకమూ పేరుకుని మూసుకుపోయిన దారి ఒక్కసారిగా తెరుచుకున్నా ఆ అదుపు పోతుంది. అణిగి ఉన్న నీరంతా రెప్పపాటులో ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. ఆ తోపుడుకు పైనున్న రాళ్లన్నీ పిండై లేస్తాయి.

ఈ రకం పేలుడులో అసలు చిక్కు ఏమిటంటే... ముందుగా చెప్పడం చాలా కష్టం. లావా పైకి రావాలంటే భూకంపాలు, నేల ఉబ్బడంలాంటి సూచనలు కొన్ని రోజుల ముందే కనిపించే అవకాశం ఉంటుంది. ఆవిరి పేలుడుకు అంత వ్యవధి ఉండదు. సైరన్ మోగించేంత సమయం కూడా ఉండకపోవచ్చు. మన పెద్దలు 'నివురుగప్పిన నిప్పు' అన్నది ఇలాంటిదాన్ని చూసే కాబోలు. పైన ప్రశాంతం, కింద ప్రళయం.

హెచ్చరిక లేదా?
ఉంది! అదే అందరినీ బాధపెట్టే విషయం. న్యూజిలాండ్‌లో అగ్నిపర్వతాల పరిస్థితిని 0 నుంచి 5 వరకు అంకెల్లో చెబుతారు. 0 అంటే నిద్ర. 1, 2 అంటే అలజడి. 3కు చేరితే పేలుడు మొదలైనట్టే. 2019 నవంబరు 18న, అంటే సరిగ్గా మూడువారాల ముందు, శాస్త్రజ్ఞులు ఫకారి అంకెను 1 నుంచి 2కు పెంచారు. పేలుడు జరిగే అవకాశం మామూలుకన్నా ఎక్కువగా ఉండే దశలోకి పర్వతం వెళుతూ ఉండొచ్చని డిసెంబరు మొదట్లో ఓ ప్రకటన కూడా ఇచ్చారు. అయితే ఇప్పుడున్న పరిస్థితి సందర్శకులకు నేరుగా ముప్పు కాదని కూడా అందులోనే ఉంది. యాత్రలు ఆగలేదు.

అంతకుముందూ ఒక హెచ్చరిక వచ్చింది. 2016 ఏప్రిల్ 27 రాత్రి ఫకారి పేలింది. పగలు పర్యాటకులు నడిచే దారంతా బూడిదతో కప్పేసింది. రాత్రి కాబట్టి దీవిమీద ఒక్క మనిషీ లేడు. అదే పగలైతే? ఆ ప్రశ్న అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది. కానీ ఏమీ కాలేదన్న ధైర్యమే మనిషిని మళ్లీ అదే దారిలో నడిపిస్తుంది. మూడేళ్ల తర్వాత ఆ ప్రశ్నకు జవాబు పట్టపగలే వచ్చింది.

వెళ్లినవాళ్లలో చాలామందికి ఈ అంకెల సంగతే తెలియదని ఆ తర్వాత ప్రాణాలతో బయటపడినవాళ్లు చెప్పారు. ఓడవాళ్లు ఏర్పాటుచేసిన యాత్ర. హెల్మెట్ ఇచ్చారు, మాస్కు ఇచ్చారు, గైడు ముందు నడుస్తున్నాడు. ప్రమాదమే ఉంటే తీసుకెళ్తారా? అన్నది వాళ్ల నమ్మకం. ఆ చోట ఎవరున్నా అలాగే అనుకుంటారు.

వెనక్కి తిరిగిన పడవ
ముందుగా దీవిని చూసేసిన ఓ బృందం అప్పుడే పడవెక్కి బయల్దేరింది. కొద్ది నిమిషాల ముందు తాము నిలబడిన చోటే నల్లటి మేఘంలా పైకి లేవడం వాళ్లు కళ్లారా చూశారు. పడవ ముందు బూడిదకు అందకుండా దూరంగా జరిగింది. ఆ తర్వాత... వెనక్కి తిరిగింది! రేవు దగ్గర ఒంటినిండా బూడిదతో, కాలిన గాయాలతో ఉన్న 23 మందిని ఎక్కించుకుంది. అప్పటిదాకా ఫొటోలు తీసుకుంటున్న మామూలు పర్యాటకులు ఒక్కసారిగా నర్సులైపోయారు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు గాయాలమీద పోశారు. తమ జాకెట్లు తీసి చలికి వణుకుతున్నవాళ్లకు కప్పారు. ఆస్తమా ఉన్నవాళ్లు తమ ఇన్‌హేలర్లు ఇచ్చారు. ఎవరి సంచిలోనో ఉన్న కంటిచుక్కల మందు మరెవరి కళ్లలోనో పడింది. తీరం చేరేదాకా స్పృహ తప్పకుండా ఉండేందుకు పక్కన కూర్చుని మాటలు చెబుతూనే ఉన్నారు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ గంటన్నరలో అయినవాళ్లకన్నా ఎక్కువయ్యారు.

దీవిమీద ఇంకా మనుషులున్నారు. మళ్లీ పేలే ప్రమాదం ఉందని ప్రభుత్వ సహాయక బృందాలు వెంటనే అక్కడికి వెళ్లలేకపోయాయి. కానీ ఆ దీవికి రోజూ తిరిగే ప్రైవేటు హెలికాప్టర్ల పైలట్లు ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడలేదు. కమ్ముకున్న బూడిదలోకే దిగారు. దీవి అంతా నడిచి, బతికున్నవాళ్లను వెతికి, భుజాలమీద మోసి, 12 మందిని ఒడ్డుకు చేర్చారు. ఆ తర్వాత ఆ పైలట్లకు ప్రభుత్వం సాహస పురస్కారాలిచ్చింది.

అదేరోజు సాయంత్రం తౌరంగాలో... ఓడ ఎక్కే ప్రతి ప్రయాణికుడి కార్డునూ గుమ్మం దగ్గర మెషీన్ చూస్తుంది. ఎవరు లోపలున్నారో, ఎవరు బయటున్నారో చెప్పే లెక్క అది. ఆ రాత్రి ఆ లెక్క సరిపోలేదు. ఓడ రేవు వదలలేదు. గదుల్లో పరుపులమీద పెట్టెలు అలాగే ఉన్నాయి, వాటి యజమానులు మాత్రం రాలేదు.

నూటఇరవై చదరపు మీటర్ల చర్మం
న్యూజిలాండ్ చిన్న దేశం. కాలిన గాయాలకు ప్రత్యేక చికిత్స చేసే కేంద్రాలు నాలుగే. ఒక్క పూటలో నాలుగూ నిండిపోయాయి. చాలామందికి ఒంట్లో ముప్పై శాతానికి పైగా కాలింది. పైగా అవి వట్టి కాలిన గాయాలు కావు. బూడిదలోని ఆమ్లం చర్మాన్ని తింటూనే ఉంటుంది. లోపలికి పీల్చిన వేడిగాలికి ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. గాయాన్ని తాత్కాలికంగా మూసేందుకు దాతల చర్మం కావాలి. వైద్యులు లెక్కవేసి, అమెరికా నుంచి 12 లక్షల చదరపు సెంటీమీటర్ల చర్మం తెప్పించాలని నిర్ణయించారు. అంటే 120 చదరపు మీటర్లు... ఓ రెండు పడకగదుల ఇంటి నేలంత! ఎక్కడో ఎవరో చనిపోతూ దానం చేసిన చర్మం, వేల మైళ్ల అవతల మరొకరి ప్రాణానికి కవచమైంది. నేత్రదానం గురించి మనందరికీ తెలుసు. చర్మదానం విలువ ఏమిటో ఈ సంఘటన ప్రపంచానికి చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత డిసెంబరు 13న సైనిక నిపుణులు ప్రత్యేక దుస్తులు, శ్వాస పరికరాలతో దీవిమీద దిగి ఆరు మృతదేహాలు తీసుకొచ్చారు. ఇద్దరు మాత్రం ఎప్పటికీ దొరకలేదు. స్థానిక మావోరీలు ఆ సముద్రం మీద 'రాహుయి' విధించారు. మృతుల గౌరవార్థం ఆ నీళ్లలో చేపలు పట్టకూడదు, ఈతకు దిగకూడదన్న కట్టుబాటు అది. కొందరు ఆసుపత్రుల్లో వారాలూ నెలలూ పోరాడి కన్నుమూశారు. మొత్తం మృతులు 22 మంది. వాళ్లలో 14 మంది ఆస్ట్రేలియన్లు, అయిదుగురు అమెరికన్లు, ఒక జర్మన్, ఇద్దరు న్యూజిలాండ్ వాసులు. ఆ ఇద్దరూ గైడ్లే. మిగిలిన 25 మంది గాయాలతో బయటపడ్డారు. పదుల సంఖ్యలో ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు, వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు, ఒకే ప్రమాదంలో తన కుటుంబాన్నంతా పోగొట్టుకుని ఒంటరిగా మిగిలినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

తప్పు ఎవరిది?
ఏడాది తిరక్కుండానే, 2020 నవంబరులో ప్రభుత్వ కార్మిక భద్రత సంస్థ 13 మందిపై కేసులు పెట్టింది. అందులో యాత్రలు నడిపినవాళ్లు, దీవి యజమానులు, చివరికి పర్వతాన్ని పరిశీలించే శాస్త్ర సంస్థ కూడా ఉన్నారు. కొందరు నేరం ఒప్పుకున్నారు. కొందరిపై కేసులు కొట్టేశారు. దీవి యజమానుల కంపెనీ మాత్రం చివరిదాకా పోరాడింది. ప్రమాదం ఎంతో నిపుణులతో అంచనా వేయించాల్సింది, ఆ పని చేయలేదంటూ 2023 అక్టోబరులో కింది కోర్టు దాన్ని దోషిగా తేల్చింది. 2024 మార్చిలో దోషులంతా కలిసి దాదాపు కోటి న్యూజిలాండ్ డాలర్ల పరిహారం బాధితులకు చెల్లించాలని తీర్పునిచ్చింది. ఏడాది తిరిగేసరికి కథ మారింది. ఆ కంపెనీ భూమిలోకి రావడానికి అనుమతి మాత్రమే ఇచ్చింది, అక్కడ యాత్రల్ని నడిపింది అది కాదంటూ 2025 ఫిబ్రవరిలో హైకోర్టు దానిమీది శిక్షను రద్దుచేసింది. ఓడ సంస్థమీద కూడా బాధితులు అమెరికా, ఆస్ట్రేలియా కోర్టులకు వెళ్లారు.

భూమి ఒకరిది, పడవ ఒకరిది, టికెట్ అమ్మింది ఇంకొకరు, అంకె ప్రకటించింది వేరొకరు. ప్రతి ఒక్కరూ తమ పని తాము చేశామనే అనుకున్నారు. 'ఈరోజు వద్దు' అనే మాట మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది. నలుగురి మధ్య పంచుకున్న బాధ్యత ఎవరి చేతిలోనూ లేని బాధ్యతగా మిగిలిపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఫకారిని మించిన ఉదాహరణ లేదు.

ఆ దుర్ఘటన తర్వాత న్యూజిలాండ్ సాహసయాత్రల నిబంధనల్ని మార్చింది. ప్రకృతి ప్రమాదాల్ని ముందే అంచనా వేయాలనీ, తీవ్రమైన ముప్పు ఉంటే వచ్చేవాళ్లకు ఆ సంగతి చెప్పాలనీ 2024 ఏప్రిల్ నుంచి నియమాలు అమలుచేసింది. ఫకారిమీద పర్యాటకులు నడిచే యాత్రలు ఆ రోజుతో ఆగిపోయాయి. పర్వతం మాత్రం ఆగలేదు. 2024లోనూ బూడిద చిమ్మి, విమానాల రాకపోకలకు ఆటంకం కలిగించింది.

మన దగ్గరా ఉంది!
అగ్నిపర్వత ద్వీపం కోసం న్యూజిలాండ్ దాకా వెళ్లక్కర్లేదు. మన బంగాళాఖాతం దాటితే అండమాన్ సముద్రంలోనే ఒకటుంది. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యారెన్ ద్వీపం. దక్షిణాసియాలో చురుగ్గా ఉన్న ఏకైక అగ్నిపర్వతం అదే. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో లేచింది. అప్పట్నుంచీ మధ్యమధ్య బూడిదా లావా చిమ్ముతూనే ఉంది. అక్కడ మనుషులెవరూ నివసించరు. చూడాలనుకునేవాళ్లు పడవలోంచే చూడాలి తప్ప సామాన్య పర్యాటకుల్ని ఒడ్డుకు దిగనివ్వరు. 'ఇంత దూరం వచ్చి దిగకుండా వెళ్లడమా' అని కొందరికి ఉసూరుమనిపించొచ్చు. ఫకారి కథ తెలిస్తే ఆ దూరం విలువ అర్థమవుతుంది.

ఇప్పుడు మన కుటుంబాల్లోనూ విదేశీ యాత్రలు, క్రూయిజ్‌లు మామూలైపోయాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల షష్టిపూర్తికి టికెట్లు బుక్‌చేసి పంపుతున్నారు. హవాయి, శాంటోరిని, బాలి... అందరూ ఇష్టపడే ఈ చోట్లన్నీ అగ్నిపర్వతాలమీద పుట్టిన నేలలే. వెళ్లకూడదని కాదు. ఆ నేలమీద లక్షలమంది బతుకుతూనే ఉన్నారు. కానీ టికెట్ ఎంత, భోజనం ఏం పెడతారు, ఫొటోలు బాగా వస్తాయా అని అడిగినట్టే మరో రెండు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. ఈరోజు అక్కడ హెచ్చరిక ఏ స్థాయిలో ఉంది? ఏదైనా జరిగితే బయటపడే దారేది, ఎంతసేపట్లో సాయం అందుతుంది? జవాబు నీళ్లు నమిలినట్టుగా వస్తే ఆ పూట ఓడలోనే కూర్చుని సముద్రాన్ని చూడటంలో నష్టమేమీ లేదు. కట్టిన డబ్బు పోతుందనుకుంటే... పోనివ్వాలి!

2 గంటల 10 నిమిషాలకు కెమెరా తీసిన ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. బూడిదరంగు నేలమీద చిన్నచిన్న చుక్కల్లా మనుషులు. వాళ్లకు అప్పటికి ఏమీ తెలియదు. సాయంత్రం ఓడకు వెళ్లాక భోజనాల దగ్గర చెప్పుకోవాల్సిన కబుర్లు మాత్రం వాళ్ల దగ్గర బోలెడున్నాయి.